ఒకే గీతతో రెండు కోతలు

మా అక్క కూతురు కిందటి దసరాకు, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా ఊరు పర్లాకిమిడి వచ్చినప్పుడు తన నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. తను హైదరాబాదులో ఒక కంపెనీలో పని చేస్తోంది. మెక్సికో నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే విభాగంలోకి మారాలంటే స్పానిష్ రావాలన్నారట. అందుకని రాత్రిపూట ఆన్‌లైన్ క్లాసులో చేరింది. ఆ క్లాసు వాళ్ళు పంపిన అభ్యాసపత్రంలో క్రియారూపాలను అడ్డగీతలతో విరిచి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క రంగు వేశారు. ‘తింటాము’ అనే అర్థమిచ్చే ‘కొమేమోస్’ను కొ-మే-మోస్ అని విరిచి, మొదటి ముక్కకు పసుపు, నడిమి ముక్కకు ఆకుపచ్చ, చివరి ముక్కకు ఎరుపు వేశారు. పసుపు ముక్క చేసే పనేమిటో చెబుతుందని, ఎరుపు ముక్క చేసేది ఎవరో చెబుతుందని కింద సూచన రాశారు. ఆ తర్వాతి ఖాళీలో ‘తాగుతాము’ అని రాయాలి. తాగడానికి స్పానిష్ క్రియ ‘బెబేర్’. పిల్ల సూచన ప్రకారం మొదటి ముక్క ‘బె’ తీసుకుంది, దానికి ఆకుపచ్చ ‘మే’ చేర్చింది, చివర ఎర్ర ‘మోస్’ తగిలించింది. బెమేమోస్ అయింది. రావలసిన మాట బెబేమోస్. దిద్దినవాళ్ళు ఆమె రాసినదాన్ని కొట్టివేసి పక్కన సరైన మాట రాశారు తప్ప, అది ఎందుకు తప్పయిందో రాయలేదు.

“వాళ్ళు చెప్పినట్టే చేశాను కదా మావయ్యా, మరి ఎందుకు తప్పు?” అని అడిగింది.

నిజంగానే ఆమె చెప్పినట్టే చేసింది. నేను పాతికేళ్ళుగా తెలుగు పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి; స్పానిష్ అప్పటికి నాకు ఒక్క ముక్క రాదు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఆమెతో పాటు నేనూ ఆ భాష చదవడం మొదలుపెట్టాను, ఇంకా చదువుతూనే ఉన్నాను. ఈ ఏడాదిలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. స్పానిష్ క్రియను సిలబుల్స్‌గా, అంటే ఒక్కో ఊపులో పలికే ముక్కలుగా, విరవడం ఒక పని. అర్థాన్నిచ్చే పదాంశాలుగా విడదీయడం మరొక పని. నేర్చుకునేవాళ్ళకు రెండూ అవసరమే. అయితే ఆ రెండింటినీ ఒకే గీతతో ఒకే వరుసలో చూపించడం వల్ల మేలు జరగకపోగా, శ్రద్ధగా చదివే పిల్లలే ముందుగా తప్పులో పడతారు. శ్రద్ధ లేనివాళ్ళు ఎలాగూ రంగుల వంక చూడరు.

గణవిభజన, పదవిభజన

తెలుగు బడిలో చదివినవాళ్ళకు ఈ తేడా కొత్త కాదు. పద్యానికి గణవిభజన చేసేటప్పుడు మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్నది మనకు పట్టదు. మనందరికీ చిన్నప్పుడే నోటికి వచ్చిన ఒక ఆటవెలదిలో ‘కప్పురంబు’ అన్న మాట గణాల లెక్కలో రెండుగా విరిగి, కప్పు ఒక గణంలోకి, రంబు మరో గణంలోకి పోతాయి. అంతమాత్రాన ప్రతిపదార్థం రాసేటప్పుడు ‘కప్పు అనగా ఇంటి పైకప్పు’ అని ఏ పిల్లవాడూ రాయడు. ‘రామాలయం’ అన్న మాటను పలికేటప్పుడు రా-మా-ల-యం అని నాలుగు ముక్కలు వినిపిస్తాయి; సంధి విడదీయమంటే రామ + ఆలయం అంటాం. అతుకు ‘మా’ అనే అక్షరం కడుపులో ఉంది. దాన్ని బయటికి తీయాలంటే అక్షరాన్ని చీల్చక తప్పదు.

ఇక్కడ మన పాత పంతుళ్ళ జాగ్రత్తను గమనించాలి. గురులఘువుల కోసం ఒక రకం గుర్తులు, గణాల మధ్య నిలువుగీత, సంధి కోసం కూడిక గుర్తు అని వేరువేరుగా పెట్టారు. గుర్తు చూడగానే ఏ లెక్క జరుగుతోందో పిల్లవాడికి తెలిసిపోతుంది. మా మేనకోడలి చేతికి వచ్చిన కాగితంలో ఈ తేడా లేదు. గీతలు సిలబుల్స్ మధ్య పడ్డాయి, కింది వివరణేమో పదాంశాల గురించి ఉంది.

కొమేమోస్‌లో పదాంశాలు కొమ్ + ఏ + మోస్. మొదటిది ధాతువు. నడిమి ‘ఏ’ ఆ క్రియ ఏ జట్టుకు చెందిందో చెప్పే అచ్చు. స్పానిష్ క్రియలన్నీ నిఘంటువు రూపంలో ఆర్, ఏర్, ఈర్ అనే మూడింటిలో ఒకదానితో ముగుస్తాయి, ఆ జట్టు గుర్తే నడుమ కనిపిస్తుంది. చివరి ‘మోస్’ అంటే మేము. ఈ లెక్కన బెబ్ + ఏ + మోస్ అని ఎవరూ చెప్పకుండానే వస్తుంది. పిల్లను తప్పుదారి పట్టించింది ఒక్క ‘మ్’. అది ధాతువుకు చెందిన హల్లు. పలుకులో మాత్రం తర్వాతి అచ్చును పట్టుకుని ఆ సిలబుల్‌లోకి జారింది.

ఇది ఆ ఒక్క మాటకు పట్టిన అవస్థ కాదు. స్పానిష్ ధాతువులు చాలా వరకు హల్లుతో ముగుస్తాయి, ప్రత్యయాలు చాలా వరకు అచ్చుతో మొదలవుతాయి. రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లు ఉంటే అది ఎప్పుడూ మొదటి అచ్చును వదిలి తర్వాతి అచ్చుతో కలుస్తుంది. అందుకని పలుకులో విరిగే చోటు, అర్థంలో అతికిన చోటు దాదాపు ప్రతి రూపంలోనూ ఒక హల్లు ఎడంగా ఉంటాయి. ధాతువే అచ్చుతో ముగిసే ‘లెఏర్’, అంటే చదవడం, వంటి క్రియల్లో మాత్రమే మొదటి కోత రెండు లెక్కల్లోనూ ఒకే చోట పడుతుంది. అభ్యాసపత్రం తయారుచేసినవాళ్ళు ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే సరిపోయేది.

మా ఊళ్ళ వైపు సంక్రాంతికి చెరకు గడ ఇంటికి తెస్తే, పిల్లలకు నమలడానికి గట్టి కణుపులు తీసేసి, రెండు కణుపుల నడుమ ఉండే మెత్తని భాగాన్ని జానెడేసి ముక్కలుగా కోసి ఇస్తాం. అదే గడను నాటాలంటే రైతు కణుపులను కాపాడుకుంటూ మూడేసి కళ్ళుండేలా ముచ్చెలు నరుకుతాడు. గడ ఒకటే, కత్తి ఒకటే. నమలడానికి కోసిన ముక్కను మడిలో పెడితే మొలక రాదు. ‘బె’ని ధాతువనుకుని పిల్ల దాని నుంచి కొత్త మాటను మొలిపించాలని చూసింది.

తెలుగు వాళ్ళం ఇందులో ఎందుకు త్వరగా పడతాం

ఆమె పొరపాటులో తెలుగుకూ కొంత వాటా ఉందని నాకు తర్వాత తోచింది. మన ధాతువులు చాలా భాగం ఉకారంతో ముగుస్తాయి. ‘తాగుతాము’ను పలుకు ప్రకారం విరిస్తే తా-గు-తా-ము, అర్థం ప్రకారం విడదీస్తే తాగు + తా + ము. కోతలు అక్షరాల అంచుల మీదే చక్కగా పడ్డాయి, ఏ అక్షరమూ చీలలేదు. ఇలాంటి రూపాలను పుట్టిన నాటి నుంచి వాడే చెవికి అక్షరం అంచునే అతుకు ఉంటుందని ఒక నమ్మకం కుదిరిపోతుంది. ‘తాగాము’ దగ్గరికి వస్తే ఆ నమ్మకం నిలవదు. అక్కడ తాగ్ + ఆ + ము. అతుకు ‘గా’ లోపల ఉంది. నేను మేనకోడలికి స్పానిష్ పక్కన పెట్టించి ముందుగా ఈ రెండు తెలుగు మాటలు విడదీయించాను. రెండో మాట దగ్గర కలం ఆపి, “అయితే ‘కొమ్’ అన్నమాట” అంది. తనకు తానే చెప్పుకుంది, నేను చెప్పలేదు.

పర్లాకిమిడిలో పెరిగినవాళ్ళకు మరో రెండు దారులు కూడా చేతికి అందుతాయి. ఒడియాలో ‘చేస్తాను’ అనడానికి ‘కరిబి’ అంటారు. పలుకులో క-రి-బి, అర్థంలో కర్ + ఇబ్ + ఇ. ‘ఇబ్’ భవిష్యత్తును, చివరి ‘ఇ’ నేను అనే కర్తను చెబుతాయి. ‘మీరు చేస్తారు’ అనే చోట చివరి అచ్చు మారి ‘కరిబ’ అవుతుంది. బడిలో సంస్కృతం చదివినవాళ్ళకు పఠామి, పఠావః, పఠామః గుర్తుండే ఉంటాయి. ప-ఠా-మః అని పలుకుతాం. పఠ్ + ఆ + మః అని విడదీస్తాం. ఆ చివరి ‘మః’, అంటే విసర్గకు మూలమైన ‘మస్’, లాటిన్ ‘ముస్’ నుంచి వచ్చిన స్పానిష్ ‘మోస్’, మూడూ ఒకే మూలం నుంచి పుట్టిన దాయాదులు. తెలుగు ‘ము’ వినడానికి దగ్గరగా ఉన్నా దానికి వీటితో చుట్టరికం లేదు; అది ద్రావిడ ప్రత్యయం. గుర్తు పెట్టుకోవడానికి పోలిక వాడుకోవచ్చు గాని, దాన్ని చరిత్ర అనుకోకూడదు.

లిపి సంగతి ఇంకా చిత్రమైనది. మా మేనకోడలు స్పానిష్ మాటలను తెలుగు లిపిలో రాసుకుంటుంది. రాయడం అన్న అర్థం గల క్రియను ‘ఎస్క్రిబీర్’ అని రాస్తే కాగితం మీద ఎ, స్క్రి, బీ, ర్ అని కనిపిస్తుంది. పలుకులో మాత్రం ఎస్-క్రి-బీర్. మన లిపి మూడు హల్లులనూ తర్వాతి అచ్చుకు కట్టేస్తుంది. స్పానిష్ నోరు ‘స్’ను వెనకే వదిలేస్తుంది. దీన్ని వివరించడానికి నాకు మన ఛందస్సే సాయపడింది. సంయుక్తాక్షరం ముందున్న హ్రస్వం గురువవుతుందని చిన్నప్పుడు వల్లించాం. ‘స్క్రి’ ముందున్న ‘ఎ’ గురువు. గురువు ఎందుకయింది? ‘స్’ రాతలో ముందుకు పోయినా పలుకులో వెనక్కి వాలింది కాబట్టి. ఛందస్సు చెప్పినవాళ్ళు రాతను పక్కన పెట్టి చెవితో విన్నారు. వాళ్ళు విన్నది అంతటితో ఆగలేదు. ‘అద్రుచు’, ‘విద్రుచు’ వంటి మాటల్లో ద్రు తేల్చి పలుకుతాం కనుక దాని ముందున్న అక్షరం లఘువుగానే ఉండవచ్చునని మినహాయింపు కూడా ఇచ్చారు. స్పానిష్‌లో బ్ల, బ్ర, క్ర, ప్ల వంటి జంటలు సరిగ్గా ఇలాగే విడిపోకుండా తర్వాతి అచ్చుతో పోతాయి. తెరవడం అన్న అర్థమున్న క్రియ అ-బ్రీర్. మాట్లాడడం అన్న అర్థమున్నది అ-బ్లార్. ఇక్కడ తెలుగు రాత, స్పానిష్ పలుకు సరిగ్గా కలుస్తాయి. అర్థంలో మాత్రం అబ్ల్ + ఆ + ర్.

సిలబుల్ ఎందుకు కావాలి

ఇంత చెప్పాక, సిలబుల్స్ ఊసే లేకుండా పదాంశాలు మాత్రమే చెబితే పోదా అని నాకే ఒక దశలో అనిపించింది. ఆ ఆలోచన తప్పని తెలిపింది ఒక చిన్న సంఘటన.

ఒక రాత్రి మేనకోడలు మా ఇంట్లో కూర్చునే క్లాసు వింటోంది. తన వంతు వచ్చినప్పుడు ‘నేను కొంచెం స్పానిష్ మాట్లాడతాను’ అని చెప్పాలి. స్పానిష్‌లో నేను అనే మాట విడిగా అక్కర్లేదు, తెలుగులో లాగే క్రియ చివరే ఆ సంగతి చెబుతుంది. ‘ఆబ్లో’ అని మొదటి సిలబుల్ ఒత్తి పలకాలి. తను చివరి ‘బ్లో’ను ఒత్తింది. అవతల టీచరు చిరునవ్వుతోనే “ఎవరు?” అని అడిగింది. ఊనిక చివరికి జరిగితే ఆ మాటకు ‘అతను మాట్లాడాడు’ లేదా ‘ఆమె మాట్లాడింది’ అని అర్థం. కర్తా మారాడు, కాలమూ మారింది. వర్ణాలన్నీ అవే, సిలబుల్స్ రెండూ అవే. రాతలో చివరి అచ్చు నెత్తిన చిన్న ఏటవాలు గీత ఒక్కటే తేడా. తెలుగులో ఊనికను బట్టి అర్థం మారదు కనుక మన చెవి దాన్ని వెతకదు. పిల్ల నాలుగుసార్లు వింది, నాలుగుసార్లూ రెండు మాటలూ ఒకేలా ఉన్నాయంది. ఐదోసారి నేను రెండో మాటకు బల్ల మీద వేలితో కొట్టి చూపించాక విడివడ్డాయి.

సిలబుల్ విభజనకు ఉన్న అసలు ఉపయోగం ఇదే. స్పానిష్‌లో మాట అచ్చుతో గాని, న్, స్ అనే హల్లులతో గాని ముగిస్తే ఊనిక చివరి నుంచి రెండో సిలబుల్ మీద ఉంటుంది. తక్కిన హల్లులతో ముగిస్తే చివరి సిలబుల్ మీద ఉంటుంది. ఈ నియమం తప్పిన చోట అచ్చు మీద గుర్తు పెడతారు. చివరి నుంచి లెక్కపెట్టాలంటే సిలబుల్స్ తెలియాలి. ‘పాడుతుండేవాళ్ళం’ అనే అర్థంలో కన్-తా-బ-మోస్ అంటే ఊనిక చివరి నుంచి మూడోదైన ‘తా’ మీద పడింది గనుక గుర్తు తప్పదు. అభ్యాసపత్రంలో కొ-మే-మోస్ అని మూడు ముక్కలు చేసినవాళ్ళు ఏ ముక్క మీద ఊనికో ఎక్కడా చూపలేదు. ఊనిక చూపని సిలబుల్ విభజన వల్ల పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

రెండు లెక్కలూ ఒకేసారి కావలసిన చోటు కూడా ఉంది. ‘చేయగలగడం’ అనే అర్థంలో పొదేర్ అనే క్రియ ఉంది. ‘నేను చేయగలను’ అంటే ప్వేదో, ‘మేము చేయగలం’ అంటే పొదేమోస్. “ప్వేలో ఉన్న వకారం పొదేమోస్‌లో ఎక్కడికి పోయింది మావయ్యా?” అని అడిగింది మేనకోడలు. పుస్తకాల్లో దీన్ని పట్టికగా ఇచ్చి కంఠస్థం చేయమంటారు. కారణం వినడానికి తేలిక: ఈ రకం ధాతువుల్లోని ‘ఒ’ మీద ఊనిక పడితే అది విచ్చుకుంటుంది, ఊనిక ప్రత్యయం మీదికి జరిగితే మామూలుగా ఉండిపోతుంది. ఆలోచించడం అనే అర్థం గల క్రియలోనూ అంతే, ‘నేను’ అన్నప్పుడు ప్యేన్సో, ‘మేము’ అన్నప్పుడు పెన్సామోస్. కొమేర్ వంటి క్రియలు ఇలా మారవు కాబట్టి ఏవి మారతాయో మాట మాటకూ తెలుసుకోవలసిందే. అయినా మారే క్రియల్లో ఎక్కడ మారుతుందో చెప్పాలంటే, ధాతువు ఎంతవరకో తెలియాలి, ఊనిక ఏ సిలబుల్ మీదో తెలియాలి. రెండు కోతలను కలిపేసిన కాగితం మీద ఈ వివరణకు చోటే ఉండదు.

యడాగమం

దీని గురించి కాస్త ఎక్కువగా చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇది పూర్తిగా మన కష్టం. రెండు అచ్చులు పక్కపక్కన వస్తే తెలుగు నోరు ఊరుకోదు, నడుమ యకారాన్ని తెచ్చుకుంటుంది. లె-ఏర్ అని రెండు విడి అచ్చులు పలకవలసిన చోట మా మేనకోడలు లెయేర్ అంటుంది. రాసేటప్పుడూ అంతే, మాట నడిమిలో విడి అచ్చు రాయడానికి తెలుగు చెయ్యి ఒప్పుకోదు. ‘చదువుతుండేది’ అనే అర్థంలో లె-ఈ-అ అనే రూపముంది. దాన్ని తను లెయీయ అంటుంది. యకారం ఒకటి ఎక్కువైతే కొంప మునగదని అనుకోవచ్చు. కాని ‘చదివింది’ అనే రూపంలో నిజంగానే యకారం ఉంది: లె-యో, ఊనిక ‘యో’ మీద. ఉన్న చోటా లేని చోటా ఒకేలా పలికితే ఆ యకారం ఎందుకు వచ్చిందో ఎప్పటికీ తెలియదు.

అది ఎందుకు వచ్చిందంటే, ‘తిన్నది’ అనేదాన్ని కొమ్యో అంటారు, కొమ్ + ఇఓ. అదే ప్రత్యయం అచ్చుతో ముగిసే ‘లె’కు చేరినప్పుడు రెండు అచ్చుల నడుమ చిక్కిన ఇకారం యకారంగా మారి, రాతలోనూ యకారంగానే కనిపిస్తుంది. అతి + అంత = అత్యంత అని చదువుకున్న మనిషికి ఇది పరాయి సంగతి కాదు, యణాదేశానికి పొరుగింటిది. లె-ఈ-అలో మాత్రం ఇకారం మీదే ఊనిక ఉంది, అందుకని అది కరగలేదు. ఇలాగే ‘నేను చదువుకుంటున్నాను’ అనే ఎస్-తూ-ద్యోలో ఇకారం తర్వాతి అచ్చులో కలిసిపోయింది. ‘నేను నమ్ముతాను’ అనే కొన్-ఫీ-ఓలో ఊనిక దాని మీద ఉండడం వల్ల విడిగా నిలిచింది. తెలుగు లిపి ఈ తేడాను ఎంతో అందంగా పట్టుకుంటుంది. కలిసిపోయిన చోట యవత్తు, నిలిచిన చోట విడి అచ్చు. నోటితో తప్పినా లిపిలో సరిగ్గా రాసుకోమని నేను చెబుతుంటాను.

ఉపవాసం, పారణ

పదాంశాల లెక్కకు క్రియల చివరల్లోనే పని అనుకుంటే పొరపాటు. ‘పొద్దుటి ఫలహారం తినడం’ అన్న అర్థమున్న దెసయునార్‌ను ఆ కాగితంలో దె-స-యు-నార్ అని విరిచారు, సిలబుల్స్ లెక్కన అది సరైనదే. పిల్ల ఆ ‘దె’ను చూసి, షష్ఠీ విభక్తి అర్థంలో వచ్చే ‘దె’ అనే చిన్న మాట అనుకుంది. అర్థం ప్రకారం మొదటి పదాంశం ‘దెస్’, చేసినదాన్ని విప్పే ఉపసర్గ. తర్వాతిది అయునార్, ఉపవాసముండడం. సకారం పక్క అచ్చు మీదికి దూకడంతో రెండూ కనిపించకుండా పోయాయి. నేను దెస్ + అయున్ + ఆ + ర్ అని రాసి చూపిస్తుంటే, వంటింట్లోంచి వింటున్న మా అమ్మ “ఉపవాసం విడవడమా? అయితే పారణ అను” అంది. ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్ళతో ఉండి, ద్వాదశి పొద్దున పారణ చేసే మనిషి ఆమె. కార్తికంలో మా వీధి ఒడియా ఆడవాళ్ళు హబిష పడతారు, ఒంటిపూట హవిష్యాన్నంతో నెల గడుపుతారు. ఉపవాసం, దాన్ని విడవడం మా ఇళ్ళలో రోజూ మాట్లాడుకునే సంగతులే. ఆ తర్వాత పిల్లకు ఆ మాట మరి మరుపు రాలేదు. దె-స-యు-నార్ అని ఎన్నిసార్లు వల్లించినా ఆ పని జరిగేది కాదు.

నా సందేహాలు

ఇంత విభజన అవసరమా అన్న ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. మా సంతకు కొండల మీద నుంచి చింతపండు, చీపుళ్ళు తెచ్చే సవర ఆడవాళ్ళు ఇంట్లో సవర, బేరంలో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా మాట్లాడతారు. వాళ్ళలో ఏ ఒక్కరూ ఏ క్రియనూ ఏ గీతతోనూ కోయలేదు. భాష రావడానికి విభజన తప్పనిసరి కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఎందుకు? నిజమే. కాని వాళ్ళకు ఆ మూడు భాషలూ మనుషుల నుంచి వచ్చాయి, ఏళ్ళ తరబడి, రోజుకు పదిమంది నుంచి. మా పిల్లకు దొరికేది రాత్రి గంటసేపు ఒక తెర. ఈ ఊళ్ళో స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. చుట్టూ మనుషులు లేనప్పుడు భాష లోపలి పొందిక ఒక్కటే పట్టుకోవడానికి మిగిలే ఊతకర్ర.

రెండో సందేహం ఇంకా బరువైనది. పదాంశాల కోత కూడా అంత తెగినట్టు రాదు. ఆబ్లో చివరి ‘ఓ’లో కర్త, వచనం, కాలం అన్నీ ఒకే అచ్చులో కరిగి ఉన్నాయి, జట్టు గుర్తు కూడా మాయమైంది. ‘అబ్లామోస్’ అంటే మాట్లాడతామనీ అవుతుంది, మాట్లాడామనీ అవుతుంది. ఎంత నేర్పుగా కోసినా ఆ తేడా బయటపడదు, చుట్టుపక్కల మాటలే చెప్పాలి. ‘కొమీఅ’ వంటి రూపాల్లో ఈకారాన్ని జట్టు గుర్తుగా కొందరు లెక్కిస్తారు, ‘ఈఅ’ మొత్తాన్నీ కాలం గుర్తుగా మరికొందరు లెక్కిస్తారు. తెలుగులో లాగా పూసలు పూసలుగా విడివడే భాష కాదది. కాబట్టి పదాంశాలను పిల్లలకు శాసనంలా చెప్పకూడదని ఒప్పుకుంటాను. కోత పడే చోట కోసి చూపించి, పడని చోట పడదని చెప్పాలి.

మూడో అభ్యంతరం నాతో ఒక మిత్రుడు అన్నది. స్పానిష్ వర్తనీ నియమాలే పంక్తి చివర ‘దెసతార్’, అంటే ముడి విప్పడం, వంటి ఉపసర్గ ఉన్న మాటను దె-సతార్ అనైనా దెస్-అతార్ అనైనా విరవవచ్చంటాయి కదా, ఇక గీతకు రెండు అర్థాలుంటే తప్పేమిటని ఆయన వాదన. ఆ నియమం అచ్చులో పంక్తి నిండినప్పుడు పనికొచ్చేది. దాని ప్రకారం అ-బ్రీర్ వంటి మాటను అసలు విరవకూడదు, ఒంటరి అచ్చు పంక్తి చివర మిగలకూడదు కనుక. అంటే పంక్తి విరుపు మూడో రకం కోత. ఆ అడ్డగీతకు ఇప్పటికే ఒక ఉద్యోగం ఉంది, మరో రెండు అంటగట్టడం దేనికి?

ఈ లెక్కలను వేరువేరుగా ఉంచడం కొత్తేమీ కాదు. స్పెయిన్‌లో నెబ్రిహా అనే పండితుడు 1492లో అచ్చువేయించిన కాస్తీల్ భాషా (అంటే స్పానిష్) వ్యాకరణంలో సిలబుల్ గురించి రెండో భాగంలోనూ, పదం గురించి మూడో భాగంలోనూ రాశాడు. పరదేశులు నేర్చుకోవడానికని ఐదో భాగం విడిగా పెట్టాడు. మా ఊరి విషయానికి వస్తే, ఇక్కడ ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులు గారి సవర వ్యాకరణం 1931లో వెలువడింది. సవర క్రియ తన కర్మపదాన్ని కూడా లోపలికి ఇముడ్చుకోగలదు, ఒక్క క్రియలో ఒక వాక్యమంత అర్థం ఉంటుంది. రాతలో లేని భాషను చెవితో విని ముందు ధ్వనులు తేల్చుకుని, తర్వాత అర్థం అతుకులు వెతకవలసి వచ్చినప్పుడు ఆ రెండు పనులను కలిపేస్తే ఏదీ తేలదు. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఇక్కడి నుంచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన నడిచిన వీధుల్లో తిరుగుతూ ఆ పనిలోని ఓపికను తలుచుకోకుండా ఉండలేను.

మేము చేస్తున్నది

ఇప్పుడు మా నోటు పుస్తకంలో ప్రతి క్రియకూ రెండు వరుసలుంటాయి. పై వరుసలో చిన్న నిలువుగీతలతో సిలబుల్స్, ఊనిక ఉన్నదాని కింద ఒక చుక్క. కింది వరుసలో కూడిక గుర్తులతో పదాంశాలు. రెండు వరుసల్లో కోతలు ఎక్కడ కలవలేదో అక్కడ పిల్ల పెన్సిలుతో సున్నా చుడుతుంది. ఆ సున్నాల దగ్గరే మేము ఎక్కువసేపు కూర్చుంటాం.

మొన్న భవిష్యత్తు రూపాలు వచ్చాయి. ‘నేను మాట్లాడతాను’ అంటే అబ్లరే, ‘మేము మాట్లాడతాము’ అంటే అబ్లరేమోస్. కింది వరుసలో అబ్లార్ మొత్తం నిలిచి దాని పక్కన ‘ఏ’, ‘ఏమోస్’ మిగిలాయి. ఆ మిగిలినవి ఒకప్పుడు విడి మాటలు, ‘కలిగి ఉండు’ అనే క్రియ రూపాలు. మాట్లాడవలసి ఉన్నాను అన్నట్టుగా రెండు మాటలు పక్కపక్కన నడిచి నడిచి ఒకటైపోయాయి. పిల్ల కొంచెంసేపు చూసి, తన పేజీ అంచున ‘చేస్తున్నాను = చేస్తూ + ఉన్నాను’ అని రాసుకుంది.

ఆ పేజీ చివర ఒక ఖాళీ ఉంది. నేను ఉన్నాను, వెళ్తాను, ఇస్తాను వంటి అర్థాలతో సోయ్, ఎస్తోయ్, బోయ్, దోయ్ అనే నాలుగు రూపాలున్నాయి. పై వరుస రాయడానికి ఇబ్బంది లేదు. కింది వరుసలో చివరి యకారం దగ్గర కలం ఆగింది. తక్కిన క్రియలు దాదాపు అన్నీ ‘నేను’ అన్నచోట ఉత్త ఓకారంతో ముగిస్తే ఈ నాలుగింటికీ ఆ యకారం ఎక్కడి నుంచి తగులుకుందో పండితుల మధ్య ఇప్పటికీ వాదం నడుస్తోంది. పిల్ల అక్కడ కూడిక గుర్తు పెట్టి, యకారం రాసి, దాని కింద అర్థం రాయవలసిన చోటును వదిలేసింది.